‘ట’ తీసేస్తే ఏం పోతుంది?

సభ్యులందరికీ నమస్కారం. ఈసారి ఒకే ఒక్క అక్షరం గురించి మాట్లాడుకుందామని ఉంది. ‘వచ్చాడట’లో చివరనున్న ‘ట’.

ఈ నాలుగూ ఒకసారి పైకి చదవండి.

వచ్చాడు.
వచ్చాడట.
వచ్చినట్టున్నాడు.
వచ్చుంటాడు.

కబురు ఒకటే, మనిషి రావడం. తేడా అంతా ఆ సంగతి నాకెలా తెలిసిందన్న దగ్గరే. మొదటిది నేను కళ్లారా చూశాను, లేదా చూసినంత గట్టిగా చెబుతున్నాను. రెండోది ఎవరో చెప్పగా విన్నాను. మూడోదానికి ఏదో గుర్తు దొరికింది: గుమ్మంలో చెప్పులున్నాయి, లోపల దీపం వెలుగుతోంది. నాలుగోదానికి ఆ గుర్తు కూడా లేదు. రోజూ ఈ వేళకి వస్తాడు కనుక ఇవాళా వచ్చే ఉంటాడని లెక్క.

అమెజాన్ ప్రాంతంలో, కొలంబియా బ్రెజిల్ సరిహద్దుల దగ్గర మాట్లాడే తుయుకా భాషలో ఇలాంటివి ఐదున్నాయి. కంటితో చూసింది, చూడకుండా చెవి లాంటి మరో ఇంద్రియంతో తెలుసుకున్నది, గుర్తులను బట్టి తేల్చుకున్నది, ఒకరు చెప్పగా విన్నది, ఊహించుకున్నది. జరిగినదాన్ని చెప్పేటప్పుడు వీటిలో ఏదో ఒకటి క్రియకు తగిలించి తీరాలి. మనకు ఆ నిర్బంధం లేదు. ‘ట’ వదిలేసినా వాక్యం వాక్యమే, వ్యాకరణం తప్పు పట్టదు. నా బాధంతా అక్కడే.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన చోట లెక్కల్లో కొంత డబ్బు తగ్గింది. పొద్దున నాతో ఒకరు “ఫలానా ఆయన తీశాడట” అన్నారు. మధ్యాహ్నం నేను మరొకరితో “ఆయన తీశాడు” అన్నాను. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం లేదు, ఆయన మీద కోపమూ లేదు. మాట చేతులు మారేటప్పుడు ఆ చివరి అక్షరం జారిపోయింది. సాయంత్రానికి అందరికీ ఆయన దొంగ. నాలుగు రోజుల తర్వాత తేలిందేమిటంటే, కూడికలో తప్పు.

అప్పటి నుంచి ఈ అక్షరం మీద నాకు గౌరవం. మీరేమంటారు?

వ్యాఖ్య: ‘ట’ వినికిడికే కాదు, అపనమ్మకానికి కూడా వాడతాం కదండీ. “పెద్ద పండితుడట!” అంటే పండితుడు కాడనేగా?

జవాబు: ఆ అపనమ్మకం గొంతులో ఉంది, ‘ట’లో కాదనుకుంటాను. “అనగనగా ఒక రాజు ఉండేవాడట” అన్నప్పుడు ఆ రాజును ఎవరూ శంకించరు. అయితే “నాకు పొగరట” అన్నది చూడండి. నా సంగతి నాకు నేరుగా తెలుసు, దానికి ఇంకొకరి వినికిడి అక్కర్లేదు. అయినా ‘ట’ పెట్టానంటే ఇది నా మాట కాదు, వాళ్ల మాట అని పక్కకు జరుగుతున్నట్టు. దానికి ఎత్తిపొడుపు తోడయ్యేసరికి అపనమ్మకంలా వినిపిస్తుంది.

వ్యాఖ్య: మా వైపు ‘అంట’ అంటాం. “వచ్చిండంట.” అదీ ఇదేనా?

జవాబు: పని అదేనండీ.

వ్యాఖ్య: నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలు ఊరికే అనలేదు. పదిమంది ‘ట’ అంటున్నారంటే ఎంతో కొంత ఉండే ఉంటుంది.

జవాబు: ఈ సామెత గురించి నాకు చాలా చెప్పాలనుంది, కాస్త ఓపిక పట్టండి.

పొగ, నిప్పు మన తర్కశాస్త్రంలో అన్నిటికంటే ముందు వినిపించే ఉదాహరణ. కొండ మీద పొగ కనిపిస్తోంది కనుక అక్కడ నిప్పుంది. ఈ పద్ధతికి నైయాయికులు, అంటే న్యాయదర్శనాన్ని అనుసరించిన పాత తార్కికులు, పెట్టిన పేరేమిటో గుర్తుందా? అనుమానం. వాళ్ల దృష్టిలో అనుమానం అంటే జ్ఞానం. ప్రత్యక్షం (నేరుగా చూసింది), అనుమానం, ఉపమానం (పోలిక), శబ్దం (ఒకరు చెప్పింది) అని నాలుగు ప్రమాణాలు, అంటే జ్ఞానానికి సాధనాలు, చెప్పారు, అందులో ఇది రెండోది. హేతువు చూపాలి, ఆ హేతువుకీ తేల్చబోయే విషయానికీ విడని సంబంధం ఉండాలి, అప్పుడే అది నిలుస్తుంది. మనం తెలుగులో ఆ మాటనే తీసుకుని ఏ హేతువూ అక్కర్లేని శంకకు పెట్టుకున్నాం. “నాకెందుకో అనుమానంగా ఉంది.” ఆ ‘ఎందుకో’ చూడండి! నైయాయికుడు మొట్టమొదట అడిగేది దాన్నే.

అదే దారిలో నడిచిన మాటలు ఇంకా ఉన్నాయి. ‘ప్రతిజ్ఞ’ అంటే న్యాయదర్శనంలో నిరూపించాల్సిన ప్రతిపాదన, వాదనకుండే ఐదు అవయవాల్లో (భాగాల్లో) మొదటిది. మనకు అది శపథం. ‘ప్రమాణం’ సరైన జ్ఞానానికి సాధనం. మనకు అది కొలతా అయింది, ఒట్టూ అయింది. ఆధారం చూపించాల్సిన చోట ఒట్టు పెట్టుకోవడం ఎంత సులువో ఈ మాటలే చెబుతున్నాయి.

ఇక సామెత. కొండ మీద పొగను చూసినవాడికి పొగ ప్రత్యక్షం. అది అతని కళ్ల ముందుంది. పొగమంచును చూసి పొగనుకుంటే తర్కమంతా కూలుతుందని పాతవాళ్లే హెచ్చరించారు. పుకారు విన్నవాడు పొగను కూడా చూడలేదు. పొగ ఉందట అని విన్నాడు. పదిమంది అన్నారంటే పది పొగలు లేచినట్టు కాదు, ఆ పదిమందికీ చెప్పింది ఒక్కడే కావచ్చు. నా కథలో సరిగ్గా అదే జరిగింది. వెనక్కి అడుగుతూ పోతే అందరి మాటా ఒకరి దగ్గర ఆగింది, ఆ ఒక్కరూ “అయ్యుంటాడు” అన్నారు, అంతే.

వ్యాఖ్య: పక్క విషయమే గానీ అడుగుతున్నాను. ‘రుజువు’ సరైనదా, ‘ఋజువు’ సరైనదా?

జవాబు: ఆధారం అనే అర్థంలో ‘రుజువు’. సంస్కృత ‘ఋజువు’కు తిన్ననిది, వంకర లేనిది అని అర్థం, అది వేరే మాట. కన్నడంలో ‘రుజు’ అంటే సంతకం, ‘రుజువాతు’ అంటే నిరూపణ. మన రుజువు ఆ కుటుంబంలోది.

వ్యాఖ్య: మీ వాదనలో ఒక చిక్కుంది మాస్టారూ. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని నేను చూడలేదు. మా ముత్తాత పేరు కూడా విన్నదే. చూడనిదానికల్లా ‘ట’ పెట్టాలంటే “భూమి తిరుగుతుందట” అనాలి. అలా ఎవరూ అనరు, అనకూడదు కూడా.

జవాబు: నిజమే, నేను దీన్ని సరిగా ఆలోచించలేదు. మీ వ్యాఖ్య చదివాక రెండు గంటలు ఇదే బుర్రలో తిరిగింది.

మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఒకరు చెప్పిందే. అందుకే నైయాయికులు శబ్దాన్ని కూడా ప్రమాణంగా ఒప్పుకున్నారు, కానీ ఒక షరతుతో: ఆప్తోపదేశః శబ్దః. చెప్పేవాడు ఆప్తుడై ఉండాలి. ఇక్కడ ఆప్తుడంటే దగ్గరివాడు కాదు. విషయం ఉన్నదున్నట్టు తెలిసినవాడు, తెలిసింది తెలిసినట్టు చెప్పాలనుకునేవాడు. (ఈ మాట కూడా తెలుగులో జారింది. ఆప్తులంటే మనకు కావలసినవాళ్లు. కావలసినవాళ్లు చెప్పారు కనుక నిజమేనన్న పొరపాటుకు ఇదే దారి.) భూమి సంగతిలో ఎవరు, ఏం కొలిచి, ఎలా తేల్చారో అడుగుతూ పోతే దారి దొరుకుతుంది. నేను పోకపోయినా ఆ దారి తెరిచే ఉంది. అందుకే అక్కడ ‘ట’ న్యాయంగానే రాలిపోయింది. “ఆయన తీశాడట”లో అలాంటి దారి లేదు, నేను వెతకనూ లేదు.

కాబట్టి నా మాట సవరించుకుంటున్నాను. ‘ట’ చూడనిదానికి పెట్టే గుర్తు కాదు, ఇంకా తేలనిదానికి పెట్టే గుర్తు. తేలినప్పుడు తీసెయ్యవచ్చు, తేలక ముందు తీసే హక్కు లేదు.

వ్యాఖ్య: ఇంతకీ ఆ డబ్బు సంగతిలో ఆయనేమయ్యారండీ? నిజం తెలిశాక అందరూ మాట మార్చుకున్నారా?

జవాబు: మార్చుకున్నారు. కూడికలో తప్పు దొరికిన కాగితం నా కళ్లతో చూశాను, మరో ముగ్గురూ చూశారు. ఆయనలో ఏ తప్పూ లేదని అక్కడ అందరికీ చెప్పాం. మర్నాడు నడవాలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే విన్నాను.

“ఆయన తియ్యలేదట.”