ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ చేపలు ఒకే ట్యాంకులో కొట్టుకుంటున్నాయి: మధ్యలో అడ్డు పెడితే చాలా?

ప్రశ్న: ట్యాంకు 24×12×12 అంగుళాలు. ఫ్లవర్‌హార్న్ 5 అంగుళాలు, ఆస్కార్ 4. ఆస్కార్ తోక చిరిగింది, మూలకు నక్కి మేత ముట్టడం లేదు. సక్షన్ కప్పులతో వచ్చే గాజులాంటి అడ్డు పెట్టుకోమన్నారు షాపులో. పెట్టొచ్చా?

జవాబు: అంచు దాకా పోసినా అందులో పట్టేది 56 లీటర్లే. అడ్డు పెడితే ఒక్కోదానికి అడుగు చోటు. రెండూ అడుగు దాకా పెరిగే చేపలు, వెనక్కి తిరగడానికే చాలదు. ముందు ఇవాళే ఆస్కార్‌ని తీసేయండి. మూతున్న 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, ఎయిర్ పంపు, స్పాంజి ఫిల్టర్ చాలు. సగం పాత ట్యాంకు నీళ్ళు, సగం యాంటీ క్లోరిన్ (క్లోరిన్ పోగొట్టే మందు) కలిపిన కొత్త నీళ్ళు. లీటరుకు 1 గ్రాము కల్లుప్పు మగ్గులో కరిగించి పోయండి. రోజూ 10 లీటర్లు మార్చండి, ఆ 10 లీటర్లకు సరిపడా ఉప్పే మళ్ళీ వేయాలి. మొత్తానికీ వేస్తే ఉప్పు పేరుకుపోతుంది.

మరో జవాబు: పెద్ద ట్యాంకు వచ్చేదాకా అడ్డు తప్పదనుకుంటే, అవతలి చేప కనిపించేది మాత్రం వద్దు. ఫ్లవర్‌హార్న్ రోజంతా దాన్నే చూసి మొప్పలు విప్పి గుద్దుతుంది, మూతి పుండు పడుతుంది. సక్షన్ కప్పులు వారం తిరక్కుండానే జారతాయి. పాలరంగు యాక్రిలిక్ షీటు 5 మి.మీ.ది తీసుకుని, అటూ ఇటూ గాజు పట్టీలు సిలికాన్‌తో అతికించి, ఆ గాడిలో దించండి. సిలికాన్ ఫంగస్ మందు కలపనిదై ఉండాలి. ట్యాంకు ఖాళీ చేసి అతికించాక 48 గంటలు ఆరనివ్వండి. పులిసిన వెనిగర్ వాసన పూర్తిగా పోయాకే నీళ్ళు. షీటు మూత దాకా రావాలి, లేకపోతే ఎగిరి అవతల పడతాయి. కింద వరసలో 6 మి.మీ. బెజ్జాలు వేసి, ఫిల్టర్ పీల్చేది ఒక వైపు, నీళ్ళు వదిలేది ఇంకో వైపు పెట్టండి. రెండూ ఒకవైపే ఉంటే రెండో గదిలో నీళ్ళు కదలవు, చేప వ్యర్థాల నుంచి వచ్చే విషం, అమ్మోనియా, అక్కడే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: చిన్న చేపలు పది వేస్తే కోపం వాటిమీదికి మళ్ళుతుందంటున్నారు?

జవాబు: మళ్ళుతుంది, చేపలూ పోతాయి. వాస్తు చేప అని రెండంగుళాల పిల్లను కొనిపించేవాళ్ళు ఈ సంగతి చెప్పరు: ఫ్లవర్‌హార్న్ ఒంటరిగా ఉండాల్సిందే. దానికి 4×1.5×1.5 అడుగుల ట్యాంకు, అంటే దాదాపు 250 లీటర్లు. నీళ్ళ బరువే 250 కిలోలు, కాబట్టి టీవీ బల్ల కుదరదు. ఇనుప స్టాండు, పైన థర్మోకోల్ షీటు, గాజు 10 మి.మీ. అయితే నిశ్చింత. అడుగున రాళ్ళూ ఇసుకా వద్దు. ఇసుక తవ్వి రాయిని దొర్లిస్తుంది, రాయి వెళ్ళి గాజుకు తగులుతుంది. మూత మీద బరువు తప్పనిసరి.

ఇంకొకరు: హీటర్ సంగతి మర్చిపోవద్దు. నీళ్ళు వెచ్చబెట్టే గాజు హీటర్‌ని ఫ్లవర్‌హార్న్ తలతో పగలగొడుతుంది, నీళ్ళలోకి కరెంటు వస్తుంది. గార్డు తొడిగిందే కొనండి, ఆ పాయింటుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉండాలి. నీళ్ళు మార్చేముందు ప్లగ్గు తీసి పావుగంట ఆగండి. వేడిగా ఉన్న గాజు నీళ్ళ పైకి తేలి, మళ్ళీ చల్లటి నీళ్ళు తగిలితే పగులుతుంది.

ప్రశ్న అడిగినవారు: రెండో ట్యాంకుకు చోటు లేదండీ. ఆస్కార్‌ని చెరువులో వదిలేయొచ్చా?

జవాబు: వద్దండీ, అక్కడి చిన్న చేపల్ని తినేస్తుంది. తోక మానాక షాపుకు తిరిగివ్వండి, చాలామంది తీసుకుంటారు.