ఓవెన్ లేని ఇంట క్రిస్మస్ మిఠాయి: బిస్కెట్ ఉండలా, కొబ్బరి లౌజా?

విజయనగరం నుంచి:
క్యారల్స్ పాడుతూ ఇంటింటికీ తిరిగే బృందాలకు పెట్టేందుకు, ఈసారి మా సండే స్కూల్ పిల్లల చేతనే మిఠాయిలు చేయించాలని అనుకుంటున్నాము. మాలో చాలామంది ఇళ్ళలో ఓవెన్ లేదు. మారీ బిస్కెట్ల పొడిలో కోకో, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి ఉండలు చుట్టిస్తే చాలునని కొందరు తల్లులు అంటున్నారు. అది పండుగ వంటే కాదని, గులాబీ పువ్వులు, కజ్జికాయలు చేయవలసిందేనని పెద్దలు అంటున్నారు. మీ అభిప్రాయం కారణాలతో సహా తెలియజేయగలరు.

బొబ్బిలి నుంచి:
నేను పెద్దల పక్షమేనండి. గులాబీ పువ్వుల అచ్చును ముందు నూనెలో కాచి, పిండిలో పై అంచు మునగకుండా ముంచి, మళ్ళీ నూనెలో పెట్టి మెల్లగా కదిపితే పువ్వు విడివడుతుంది. ఆ పని చేతికి అలవడాలంటే పక్కన కూర్చుని చూడాలి. పిండి కలిపేవారు ఒకరు, వేయించేవారు ఒకరు, డబ్బాలకు ఎత్తేవారు ఒకరుగా ఇల్లంతా కలిసి చేసే ఆ పనిని వదిలేసి, ఏ రోజైనా కొనగలిగే బిస్కెట్టును పొడి చేసి పండుగ అనడం నాకు సమ్మతం కాదు.

సోంపేట నుంచి:
బొబ్బిలి వారు చెప్పిన కలివిడి నాకూ ఎంతో ప్రియమైనదే, కానీ ఎనిమిదేళ్ళ పిల్లను కాగుతున్న నూనె మూకుడు దగ్గర కూర్చోబెట్టలేము కదండీ. పిల్లల చేత చేయించడమే ఉద్దేశమైతే, వేడి పని పెద్దలు ముగించాక చుట్టడం, దొర్లించడం, అలంకరించడం పిల్లలకు మిగిలే వంటనే ఎంచుకోవాలి.

అయితే అందుకు బిస్కెట్టు పొట్లమే శరణ్యమని నేను ఒప్పుకోను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిన సంగతి మనందరికీ తెలుసు. మళ్ళీ నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది కనుక, ఆ రైతు పంటకు మన పండుగ పళ్ళెంలో మొదటి చోటు ఇవ్వడం న్యాయమని గట్టిగా నమ్ముతున్నాను. రెండు కప్పుల కొబ్బరి కోరుకు కప్పు బెల్లం తురుము చేర్చి, సన్నని సెగ మీద మూకుడు అంచులు వదిలేదాకా కలుపుతూ, చివర ఏలకుల పొడి వేస్తే లౌజు సిద్ధమవుతుంది. గోరువెచ్చగా ఉండగా పిల్లలు ఉండలు చుట్టి, ఎండుకొబ్బరి పొడిలో దొర్లించి, పైన పలాస జీడిపప్పు బద్ద ఒకటి అద్దవచ్చు. పచ్చి కొబ్బరిలో తేమ ఎక్కువ కనుక వీటిని రెండు రోజులలోపే పంచిపెట్టాలి. ఎక్కువ రోజులు నిలవ ఉంచాలనుకుంటే గులాబీ పువ్వులకే నా ఓటు.

బిస్కెట్ ఉండలు చేసినా తప్పు లేదు. 200 గ్రాముల పొడికి రెండు చెంచాల కోకో వేసి, కండెన్స్‌డ్ మిల్క్‌ను ఒక్కసారిగా కాక, ముద్ద కట్టేంతవరకు కొద్దికొద్దిగా పోయాలి. బిస్కెట్టు ఇదివరకే కాలినది కనుక అలాగే తినవచ్చు. దాని బదులు పచ్చి మైదాతో ముద్ద చేసి, కాల్చకుండా పిల్లలకు పెట్టడం మాత్రం వద్దు: మరలో ఆడినంత మాత్రాన గోధుమలోని సూక్ష్మక్రిములు చావవు.

విజయనగరం నుంచి:
లౌజు ఆలోచన మాకు నచ్చింది. పైన చాక్లెట్ పూత వేస్తే మన ఎండకు నిలుస్తుందా?

సోంపేట నుంచి:
కోకో వెన్నతో చేసిన చాక్లెట్ సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనుక, డిసెంబరులో నీడపట్టున నిలుస్తుంది కానీ పిల్లల చేతుల్లో అంటుకుంటుంది. బేకరీ సామాన్ల కొట్టులో దొరికే కాంపౌండ్ చాక్లెట్‌లో వేరే నూనెకొవ్వు ఉంటుంది; రుచి కొంత తక్కువైనా, కరిగించి ముంచితే సులువుగా గట్టిపడుతుంది. వేడినీళ్ళ గిన్నె మీద మరో గిన్నె పెట్టి కరిగించండి, అందులో నీటిచుక్క పడనివ్వకండి. పడితే చాక్లెట్ గరుకుగా ముద్దకట్టి పూతకు పనికిరాదు.

బొబ్బిలి నుంచి:
పిల్లలకు లౌజు అంటే నాకూ అభ్యంతరం లేదు. గులాబీ పువ్వులు మాత్రం పెద్దవాళ్ళం ఆ రోజే పక్క పొయ్యి మీద వేద్దాము, పిల్లలు దూరం నుంచైనా చూస్తారు.