ఏడు నెలల కారు, బ్యాటరీ మాటిమాటికీ డౌన్ అవుతోంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

కానూరు వాసి (శనివారం, ఉదయం 11:40)
పొద్దున ఏడింటి నుంచీ సెల్లార్‌లోనే ఉన్నానండీ. చొక్కా పిండితే నీళ్ళు కారతాయి. దసరాకి కొన్న బండి, కొత్త వాసన కూడా పోలేదు, నెలన్నరలో ఇది మూడోసారి. బటన్ నొక్కితే టకటకటకమని చప్పుడు, మీటర్‌లో లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోతున్నాయి, అంతే. అమ్మని గుంటూరులో కంటి డాక్టర్‌కి చూపించాలి, చెల్లిని తోడిచ్చి బస్సెక్కించా. షోరూంలో రెండుసార్లు చూపించా. మొదటిసారి చార్జింగ్ పెట్టి ఇచ్చారు. రెండోసారి "బ్యాటరీ బాగానే ఉంది సార్, మీరే బండి తిప్పట్లేదు" అన్నారు. లైట్లు ఆపే దిగుతా, ఏసీ ఆపే దిగుతా, డోర్లు లాక్ చేస్తా. ఇంకేం చెయ్యాలి? కొత్త బ్యాటరీ కొనేస్తే తీరిపోతుందా?

బెంజ్ సర్కిల్ 99
పెట్రోలా డీజిలా? బ్యాటరీ ఎన్ని ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే ఎంత కరెంటు నిలవ ఉంచుతుంది)? వోల్టేజ్ చూశారా? ఇవేవీ రాయకుండా అడిగితే ఏం చెప్తాం.

ఆటోనగర్ పాతచెయ్యి
తమ్ముడూ, ముందు డైనమో చూపించు. ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నా, పది బళ్ళలో మూడు డైనమో కంప్లైంటే. డైనమో చార్జింగ్ ఇవ్వకపోతే నువ్వు ఎన్ని బ్యాటరీలు మార్చినా అంతే. రెండోది, డిస్టిల్డ్ వాటర్. ఇప్పటి పిల్లలు బ్యాటరీ మూత ఎప్పుడైనా తీసి చూస్తున్నారా? మన బెజవాడ ఎండకి నీళ్ళు ఇట్టే ఆవిరైపోతాయి. ప్లేట్లు గాలికి తేలాయంటే ఆ బ్యాటరీ పనైపోయినట్టే. మా రోజుల్లో నెలకోసారి నీళ్ళు పోసి, టెర్మినల్స్ వేడినీళ్ళతో కడిగి, వాజలిన్ రాసేవాళ్ళం. ఒక్కో బ్యాటరీ ఐదేళ్ళు వచ్చేది.

గుంటూరు మాస్టారు
పెద్దాయన అనుభవానికి దణ్ణం, కానీ ఒక మాట. ఈ బళ్ళలో ఉండేది డైనమో కాదు, ఆల్టర్నేటర్. డైనమో నేరుగా డీసీ, అంటే ఒకే దిక్కుకి పారే కరెంటు ఇస్తుంది, పాత అంబాసిడర్లలో ఉండేది. ఆల్టర్నేటర్ ముందు ఏసీ కరెంటు, అంటే అటూ ఇటూ దిక్కు మారే కరెంటు పుట్టిస్తుంది, కరెంటుని ఒకే వైపు పోనిచ్చే లోపలి డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి. ఇది ఊరికే పేరు గొడవ కాదు. ఆ డయోడ్లలో ఒకటి పాడైతే ఇంజను ఆపాక కూడా కరెంటు వెనక్కి కారిపోతుంది. డైనమో అనుకుని చూస్తే ఈ సంగతి తట్టదు.

కానూరు వాసి గారూ, వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ తెచ్చి, బండి రాత్రంతా నిలిపాక పొద్దున్నే బ్యాటరీ మీద వోల్టేజ్ చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కిందికొస్తే దాదాపు ఖాళీ. ఇంజను ఆన్‌లో ఉన్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య కనిపిస్తే చార్జింగ్ బాగున్నట్టే.

ఆటోనగర్ పాతచెయ్యి
మాస్టారూ, మా షెడ్డుకొచ్చి ఆల్టర్నేటర్ అని అడిగితే కుర్రాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. డైనమో అంటే తెచ్చి చేతిలో పెడతారు. బాగయ్యేది ముఖ్యం, పేరు కాదు.

కానూరు వాసి
పెట్రోల్ చిన్న కారండీ, 35 ఏహెచ్ బ్యాటరీ. సీల్డ్ టైపు, నీళ్ళు పోసే మూతలు లేవు. పైన గుండ్రటి కన్నులో పచ్చగానే కనిపిస్తోంది, అందుకే బ్యాటరీ మీద అనుమానం రాలేదు. పక్క ఫ్లాట్ ఆయన వచ్చి కేబుళ్ళు వేస్తే స్టార్ట్ అయింది. ఇరవై నిమిషాలు తిప్పి తెచ్చా. చాలా?

గుంటూరు మాస్టారు
చాలదు. అడుగంటిన బ్యాటరీ ఇరవై నిమిషాల్లో నిండదు. మూడు నాలుగు ఆంపియర్ల చార్జర్ పెట్టి రాత్రంతా ఉంచాలి. ఇక ఆ పచ్చ కన్ను ఆరు సెల్స్‌లో ఒక్కదాని సంగతే చెప్తుంది, మిగతా ఐదూ ఎలా ఉన్నాయో దానికి తెలీదు.

ఆటోనగర్ పాతచెయ్యి
కేబుళ్ళు వేసేటప్పుడు నలుపుది నీ బ్యాటరీ మైనస్ మీద పెట్టారా? అలా పెట్టకూడదు. ఎరుపు ముందు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత బాగున్న బ్యాటరీ ప్లస్‌కి. నలుపు బాగున్న బ్యాటరీ మైనస్‌కి, చివరి కొస మాత్రం నీ బండి ఇంజను మీద పెయింట్ లేని ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. ఆఖరి క్లిప్పు దగ్గరే నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ నుంచి వచ్చే గ్యాసు అంటుకుంటే మొహం మీద పేలుతుంది. మా పక్క షెడ్డులో ఒక కుర్రాడికి అలాగే యాసిడ్ చిమ్మింది, దేవుడి దయవల్ల కళ్ళు దక్కాయి. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

సింగ్‌నగర్ 2024
మీ సెల్లార్‌లోకి నీళ్ళు వస్తాయా అండీ? 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు మా బండి సీటు దాకా మునిగింది. బాగుచేసి ఇచ్చారు, మూడు నెలలు బాగానే నడిచింది, ఆ తర్వాత ఇదే తంతు. కార్పెట్ కింద కనెక్టర్ విప్పితే పిన్నుల మీద పచ్చగా చిలుము. బురద నీరు ఎక్కడ నిలిచిందో బయటికి కనపడదు. మా వీధిలో సగం బళ్ళు ఇప్పటికీ ఏదో ఒకటి మొరాయిస్తూనే ఉన్నాయి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఇంజన్ ప్రొటెక్షన్ అదనంగా తీసుకోండి, మామూలు పాలసీ చాలని మేం నమ్మి నష్టపోయాం.

కానూరు వాసి
అయ్యో, మీకలా జరిగిందా అండీ. మాది వరద అయిన చాలా రోజులకి కొన్న బండి, సెల్లార్‌లోకి నీళ్ళు రావు.

గుణదల ఈవీ
అందుకే ఎలక్ట్రిక్ కొనమంటా. ఈ సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్ గొడవే ఉండదు. రెండేళ్ళ నుంచి హాయిగా తిప్పుతున్నా.

బెంజ్ సర్కిల్ 99
ఈవీలో కూడా 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది దిగితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి ఆన్ అవదు.

గుణదల ఈవీ
ఉంటుంది, కాదనలేదు. చాలా వాటిల్లో పెద్ద బ్యాటరీయే దాన్ని నింపుతూ ఉంటుంది అని నా మాట.

బ్రాడీపేట అక్క (శనివారం, సాయంత్రం 4:15)
బాబూ, ఒక్కటి చెప్పు. బండి వారంలో ఎన్ని రోజులు కదులుతుంది? కొన్న తర్వాత కొత్తగా ఏం బిగించారు? మాకు ఇలాగే అయితే బ్యాటరీ మార్చాం, పదివేలు దాకా పోయాయి, మళ్ళీ అదే కథ. చివరికి చూస్తే స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్‌లు కంప్యూటర్ తగిలించి చూసేది) మా వారు పెట్టిన జీపీఎస్ ట్రాకర్. చిటికెన వేలంత ఎర్ర లైటు రాత్రీ పగలూ మినుకుమంటూనే ఉంది, మేమే చూడలేదు.

కానూరు వాసి
నాది వర్క్ ఫ్రమ్ హోమ్ అక్కా. ఆదివారం రాత్రి పెడితే మళ్ళీ శనివారమే తీస్తా. కొత్తగా ఏం బిగించలేదు, సీట్ కవర్లు, మ్యాట్లు అంతే. డ్యాష్‌క్యామ్ (ముందు అద్దం దగ్గర పెట్టే కెమెరా) ఒకటి ఉంది, అది బావమరిది పెట్టించాడు. కానీ బండి ఆపగానే దాని స్క్రీన్ ఆరిపోతుంది, అందుకే రాయలేదు.

బెంజ్ సర్కిల్ 99
ఎప్పుడు పెట్టించాడు?

కానూరు వాసి
ఉగాదికి.

బెంజ్ సర్కిల్ 99
నెలన్నర నుంచే కదా ప్రాబ్లం.

గుంటూరు మాస్టారు
స్క్రీన్ ఆరడం వేరు, కెమెరా ఆగడం వేరు బాబూ. పార్కింగ్ మోడ్ పెట్టి ఉంటే ఎవరైనా పక్కనుంచి నడిచినా రికార్డు చేస్తుంది. దానికి ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజ్ నుంచి వైరు లాగుతారు. లెక్క చూడండి. పావు ఆంపియర్ లాగుతుందనుకుందాం. రోజుకి 6 ఆంపియర్ అవర్లు. ఐదు రోజులకి 30. మీ బ్యాటరీ మొత్తం 35. శనివారానికి సెల్ఫ్ తీసుకోకపోవడంలో ఆశ్చర్యం ఏముంది? బండి నిద్రపోయాక మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల (0.05 ఆంపియర్) లోపే లాగాలి. ఆ లెక్కన రోజుకి 1.2 మాత్రమే, రెండు వారాలు నిలిపినా స్టార్ట్ అవుతుంది. షోరూం వాళ్ళు తిప్పట్లేదన్నదాంట్లో కొంత నిజముంది కానీ, ఐదు రోజులకే దిగిపోవడానికి అది కారణం కాదు.

అయినా నా లెక్క నమ్మొద్దు, కొలవండి. మల్టీమీటర్ ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టండి. బానెట్ తెరిచి, దాని లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు చెయ్యండి, డ్రైవర్ డోర్ లాచ్‌ని కూడా అలాగే. లేదంటే డోర్ తెరిచే ఉందనుకుని బండి నిద్రపోదు. బ్యాటరీ మైనస్ కేబుల్ విప్పి, విప్పిన కేబుల్‌కి ఎర్ర ప్రోబు, బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కి నల్ల ప్రోబు. రిమోట్‌తో లాక్ చేసి, అరగంట నుంచి గంట కదలకుండా ఆగండి. కంప్యూటర్లు ఒక్కొక్కటే పడుకుంటాయి. ఈలోగా పొరపాటున కూడా స్టార్ట్ బటన్ నొక్కొద్దు. సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్ల పైనే లాగుతుంది, మీటర్ ఫ్యూజ్ మాడిపోతుంది.

ఆటోనగర్ పాతచెయ్యి
ఇంత తతంగం ఎందుకు, మైనస్ విప్పి టెస్ట్ లాంప్ పెడితే బల్బు వెలుగుతుందో లేదో తెలిసిపోతుంది కదా.

గుంటూరు మాస్టారు
పాత బళ్ళలో తెలిసిపోయేది. ఇప్పటి బళ్ళలో విప్పి పెట్టగానే కంప్యూటర్లన్నీ మేలుకుంటాయి, మొదట్లో బల్బు ఎలాగూ వెలుగుతుంది. పావు ఆంపియరా, ఇరవయ్యో వంతు ఆంపియరా అన్నది బల్బు చెప్పలేదు.

ఆటోనగర్ పాతచెయ్యి
ఆ మాట ఒప్పుకుంటా. తమ్ముడూ, ఇంకొకటి. డిక్కీ లైటు చూడు. ఒక బండి నాలుగు షెడ్లు తిరిగి నా దగ్గరకొచ్చింది. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూశా. తీసి చూస్తే లైటు వెలుగుతూనే ఉంది, స్విచ్ వంగిపోయింది. రబ్బరు ముక్క అతికిస్తే సరిపోయింది.

కానూరు వాసి (ఆదివారం, రాత్రి 8:50)
ఏలూరు రోడ్డులో మీటర్ కొన్నా. రాత్రంతా చార్జింగ్ పెట్టి, సాయంత్రం మాస్టారు చెప్పినట్టే చేశా. పెట్టగానే 3.1 ఆంపియర్లు చూపించింది, భయమేసింది. ఆరో నిమిషానికి 0.9. ఎక్కడో లోపల క్లిక్‌మన్నాక 0.52. ముప్పై ఐదు నిమిషాలకి 0.34 దగ్గర ఆగిపోయింది, ఇక కదల్లేదు. డోర్ లాచ్ స్క్రూడ్రైవర్‌తో నొక్కే ఉంది, కింద కూర్చుని ఫ్యూజ్ బాక్స్ దగ్గర చెయ్యి పెడితే నల్ల టేపు చుట్టిన వైరు తగిలింది. దాని ఫ్యూజ్ లాగగానే 0.11. డిక్కీ లైటు ఆరుతోంది, వీడియో తీసి చూశా.

బావమరిదికి ఫోన్ చేస్తే, షాపువాడు నేరుగా వైరు కలిపాడంట, వోల్టేజ్ తగ్గితే ఆపే డబ్బా ఏమీ పెట్టలేదంట.

బ్రాడీపేట అక్క
చూశావా! బ్యాటరీ కొనకుండా ఆగావు, మంచిపని చేశావు. వైరు విషయం షోరూంలో కూడా చెప్పు, రేపు ఇంకేదైనా అయితే బయట వైరింగ్ అని వారంటీకి అడ్డం పెడతారు.

బెంజ్ సర్కిల్ 99
0.11 కూడా ఎక్కువే. తాళం ఎక్కడుంది?

కానూరు వాసి
నా జేబులో.

బెంజ్ సర్కిల్ 99
కీలెస్ బండి పక్కన తాళం జేబులో పెట్టుకుని కొలిస్తే ఎలా. దాన్ని పైన పెట్టి మళ్ళీ చూడండి.

గుంటూరు మాస్టారు
సరిగ్గా పట్టుకున్నారు. తాళం దగ్గరుంటే కొన్ని బళ్ళు దాన్ని పలకరిస్తూనే ఉంటాయి, పూర్తిగా పడుకోవు. కెమెరా మళ్ళీ పెట్టించాలనుకుంటే కటాఫ్ ఉన్న కిట్‌తో పెట్టించండి, 12.2 వోల్టుల దగ్గర ఆగేలా. కొన్నిట్లో 11.6 కూడా ఉంటుంది, అక్కడికి దిగాక మీ బ్యాటరీ బండిని లేపలేదు. మూడుసార్లు అడుగంటింది కాబట్టి దాని ఆయుష్షు కొంత తగ్గే ఉంటుంది. ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడితే పూర్తిగా పోదు. లోడ్ టెస్ట్, అంటే ఎక్కువ కరెంటు లాగి బ్యాటరీ బలం చూసే పరీక్ష, చేయించి రిపోర్ట్ కాగితం మీద తీసుకోండి.

ఆటోనగర్ పాతచెయ్యి
లోడ్ టెస్ట్‌కి మా షెడ్డుకి రా తమ్ముడూ, డబ్బులొద్దు. డైనమో కూడా ఓసారి చూస్తా.

గుంటూరు మాస్టారు
ఆల్టర్నేటర్.

కానూరు వాసి (తర్వాతి శనివారం, ఉదయం 9:05)
ఫస్ట్ సెల్ఫ్‌కే అందుకుందండీ. కెమెరా ఫ్యూజ్ తీసేసే ఉంచా. అమ్మకి రెండో విడత చెకప్, గుంటూరు బయల్దేరుతున్నాం. అందరికీ థాంక్స్.

గుంటూరు మాస్టారు
చాలా సంతోషం బాబూ. తాళం పైన పెట్టాక మీటర్ ఎంత చూపించింది? ఆ 0.11 తగ్గిందా?