పసిపిల్ల ఉన్న ఇంట్లో తమలపాకుల సున్నం, గోడకు డ్రిల్లింగు: కళ్లకు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు)

నమస్కారం. వచ్చే నెలలో మా అత్తమామలు కర్నూలు నుంచి వచ్చి మాతోనే ఉండబోతున్నారు. మామయ్యగారికి భోజనం కాగానే తమలపాకులు వేసుకోవడం అలవాటు. సున్నం ప్లాస్టిక్ పొట్లాల్లో కొని, తలగడ పక్కనే పెట్టుకుంటారు. మా పాపకు మూడేళ్లు. చేతికి అందినదల్లా నొక్కి చూస్తుంది. పైగా వారి గదిలో అరలు బిగించడానికి మావారు స్వయంగా డ్రిల్లింగు చేయాలనుకుంటున్నారు, తాను రోజూ పెట్టుకునే కళ్లద్దాలే చాలునంటున్నారు. ముందుగా ఏం సర్దుకోవాలో, ఒకవేళ కంట్లో ఏదైనా పడితే ఆసుపత్రికి చేరేలోగా ఏం చేయాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (కంటి ఆసుపత్రి నర్సు, రాజాజీనగర్)

అమ్మా, మీరు చెప్పిన రెండింటిలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఆ సున్నం పొట్లమే. పిల్లలు దాన్ని రెండు చేతులతో పట్టుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకుని నొక్కుతారు, అది పగిలి ముద్ద నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. సున్నం గాఢమైన క్షారం. ఆమ్లం పడినప్పుడు కంటి పైపొరలోని మాంసకృత్తులు గడ్డకట్టి కొంతవరకు అడ్డుగోడగా నిలుస్తాయి. క్షారం మాత్రం కణాల పొరల్లోని కొవ్వును కరిగించుకుంటూ లోలోపలికి దిగుతూనే ఉంటుంది. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు (పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా పెంచే కణాలు) నశిస్తే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర తెల్లబారి చూపు పోతుంది. ఆరోగ్యంగా ఉన్న రెండో కంటి నుంచి చిన్న ముక్క తీసి అతికించే శస్త్రచికిత్సను హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు రూపొందించి 2012లో ప్రచురించారు. అయినా పోయిన చూపంతా తిరిగి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

కాబట్టి పొట్లాలు ఇంట్లోకే రానివ్వకండి. సున్నాన్ని మరమూత ఉన్న గట్టి డబ్బాలో పెట్టి, ఎత్తైన అలమారలో తాళం వేసి ఉంచండి. సింకు గొట్టంలో అడ్డు తొలగించే పొడి కూడా చాలావరకు కాస్టిక్ సోడా అనే గాఢమైన క్షారమే, దానికీ అదే చోటు.

పొరపాటున కంట్లో పడితే, ఆ క్షణంలోనే కుళాయి దగ్గరకు తీసుకెళ్లి, దెబ్బతిన్న కన్ను కిందివైపు ఉండేలా తల వంచి, ముక్కువైపు నుంచి బయటికి నీళ్లు పారేలా కనీసం అరగంట కడగండి. తల్లిపాలు, ఆముదం, నిమ్మరసం వంటివేవీ పోయవద్దు. మారతహళ్లి నుంచి సాయంత్రం పూట సిటీ మార్కెట్ దగ్గరి మింటో కంటి ఆసుపత్రికి వెళ్లడానికి ఎంత సమయం పడుతుందో మీకు తెలియనిది కాదు. ఇంట్లో కడగకుండా బయలుదేరితే ఆ సమయమంతా సున్నం కంటిని తింటూనే ఉంటుంది. కడిగిన తర్వాత దగ్గరలో ఉన్న కంటి ఆసుపత్రికి వెళ్లండి. పై రెప్ప కింద సున్నపు పలుకులు ఇరుక్కుంటాయి, రెప్ప తిరగదిప్పి వాటిని తీయడం వైద్యుల పని.

జవాబు 2 (ఇంటీరియర్ పనుల సూపర్‌వైజరు, వైట్‌ఫీల్డ్)

చూపు కళ్లద్దాలు చాలవండీ. పక్కలు తెరిచే ఉంటాయి, పైగా కొన్ని రకాల అద్దాలు దెబ్బకు పగిలి ఆ ముక్కలే కంట్లో గుచ్చుకుంటాయి. పక్కలు కూడా మూసి ఉండే పాలీకార్బొనేట్ రక్షణ అద్దాలు ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతాయి. రక్షణ అద్దాలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 5983 గుర్తు ఉన్నవి అడగండి. కళ్లద్దాల మీదుగా పెట్టుకునే రకం కూడా ఉంది. నిచ్చెన పట్టుకున్నవారికీ ఒక జత ఉండాలి, పాప ఆ గదిలో ఉండకూడదు.

డ్రిల్లు కన్నా సుత్తితో మేకు కొట్టేటప్పుడు నేను ఎక్కువ భయపడతాను. ఇనుము మీద ఇనుము పడినప్పుడు లేచే సన్నని రజను కంటిగుడ్డులోకి దూసుకుపోయినా ఒక్కోసారి చురుక్కుమని ఊరుకుంటుంది, నొప్పి తగ్గిందని మనిషి పనిలో పడతాడు. అలా అనుమానం ఉంటే ఆ రోజే చూపించుకోవాలి, ఎం.ఆర్.ఐ. స్కానింగు తీయించుకోకూడదు, ఆ యంత్రంలోని అయస్కాంతానికి ఆ ముక్క లోపలే కదులుతుంది. కంట్లో ఏదైనా గుచ్చుకుని కనిపిస్తుంటే దాన్ని పీకవద్దు, కడగవద్దు, నొక్కవద్దు. కంటికి తగలకుండా కాగితపు కప్పు బోర్లించి, అంచులకు టేపు వేసి తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మామయ్యగారితో ఫోనులో మాట్లాడాను, డబ్బా విషయానికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఒక్క సందేహం మిగిలింది: మంటకు పాప కన్ను గట్టిగా మూసేసుకుంటే ఎలా కడగాలి?

జవాబు 1 ఇచ్చినవారు

తప్పకుండా మూసుకుంటుంది. పాపను చేతులతో సహా పెద్ద తువ్వాలులో చుట్టి ఒకరు ఒళ్లో పట్టుకోవాలి. రెండోవారు పొడిగుడ్డ చుట్టిన వేళ్లతో రెప్పలను ఎముక మీదికి ఒత్తిపట్టి తెరవాలి, కంటిగుడ్డు మీద మాత్రం బరువు పడకూడదు. చెంబుతోనో మూతకు చిల్లు పెట్టిన నీళ్ల సీసాతోనో ధార ఆగకుండా పోయండి. పాప ఎంత ఏడ్చినా మధ్యలో ఆపవద్దు. ఇంట్లో మీరొక్కరే ఉంటే స్నానాలగదిలో కింద కూర్చుని, పాపను మోకాళ్ల మధ్య పడుకోబెట్టుకుని కడగవచ్చు.