ఊళ్ళో ఒంటరిగా ఉండే అమ్మకి టార్చి: చార్జింగ్‌దా, సెల్లులదా?

పలాస_జీడి
అమ్మ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక్కర్తే ఉంటుంది. 72 ఏళ్ళు. నేను పుణెలో. మా ఊళ్ళో టార్చినే బ్యాటరీ అంటారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా, లోపల వేసేదాన్ని ఇక్కడ సెల్లు అంటాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా దగ్గరే తీరం దాటింది. కొబ్బరి చెట్లు, కరెంటు స్తంభాలు కలిసి పడ్డాయి. మా వీధికి కరెంటు రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. మళ్ళీ అక్టోబరు వస్తోంది. రాత్రి దొడ్లోకి వెళ్ళడానికీ తుఫానుకీ ఒకే టార్చి కావాలి. రెండు వేల లోపు. చార్జింగ్‌ది కొనాలా, సెల్లులదా?

లైన్‌మేన్_రిటైర్డ్
సెల్లులది. కరెంటు లేనప్పుడు పనికి రావాల్సిన వస్తువుకి కరెంటుతో చార్జింగ్ ఏమిటి బాబూ? రెండు పెద్ద సెల్లులు వేసే ఎల్ఈడీ టార్చి కొని, ఇంకో నాలుగు సెల్లులు బీరువాలో పెట్టండి. అయిపోయింది.

వెలుగు_పిచ్చోడు
అయిపోలేదు మాస్టారూ. నా దగ్గర ఇరవై రెండు టార్చిలున్నాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మంచి చార్జింగ్ టార్చిలో వేసేది 18650 అనే లిథియం సెల్లు. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు, పేరు అక్కడి నుంచే వచ్చింది. మంచిదైతే కెపాసిటీ 3500 ఎంఏహెచ్ దాకా ఉంటుంది, అంటే పన్నెండు వాట్ అవర్లకు పైనే (ఒక వాట్ చొప్పున పన్నెండు గంటలు నడిపేంత). వంద ల్యూమెన్ల వెలుగుకు (ల్యూమెన్ అంటే వెలుగు కొలత) ఎల్ఈడీ సుమారు ఒక వాట్ తీసుకుంటుంది. రోజుకి గంట వాడితే పది రోజులు వస్తుంది. పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఉంటే ఇంకో రెండుసార్లు నింపుకోవచ్చు. పద్దెనిమిది రోజులు దాటిపోలేదా?

పాత లెడ్ యాసిడ్ చార్జింగ్ లైట్లు, గోడకి నేరుగా గుచ్చేవి, వాటిని చూసి అందరూ చార్జింగ్ అంటే భయపడుతున్నారు. వాటిని ఆరు నెలలు చార్జి పెట్టకుండా వదిలేస్తే సెల్లు చచ్చిపోతుంది, నిజమే. లిథియం అలా కాదు.

గోదారి_గట్టు
18650 సెల్లు 9900 ఎంఏహెచ్‌ది ఆన్‌లైన్‌లో 150కే ఉంది అన్నా. అది తీసుకోవచ్చా?

వెలుగు_పిచ్చోడు
@గోదారి_గట్టు వద్దు. ఆ సైజులో అంత కెపాసిటీ పట్టదు, ఆ అంకె రేపరు మీద మాత్రమే ఉంటుంది. బంగారం కొట్టులో తూకం వేయించు. అసలుది 45 గ్రాములకు పైన తూగుతుంది. అలాంటిది ఒకటి ముప్పై తూగితే నేను కోసి చూశాను (మీరు కోయకండి), లోపల చిన్న సెల్లు, చుట్టూ ఖాళీ. అయిదు లక్షల ల్యూమెన్లు అని రాసే టార్చిలూ ఇదే బాపతు.

లైన్‌మేన్_రిటైర్డ్
ఇరవై రెండు టార్చిలు ఉన్నవాడు ఏ టార్చీ నమ్మనివాడు. నేను ముప్పై నాలుగేళ్ళు ఒక్కటే మోశాను.

హుద్‌హుద్ తుఫానుకి, అంటే 2014లో, విశాఖలో పనికి వెళ్ళాం. జనం పవర్ బ్యాంకులు పట్టుకుని జనరేటరు ఉన్న చోటల్లా లైను కట్టారు. అందులో ఫోనుకి పెడతారా, లైటుకి పెడతారా? ఫోనుకే పెడతారు. సెల్లులైతే కొట్టులో దొరుకుతాయి.

వెలుగు_పిచ్చోడు
తుఫాను మర్నాడు కొట్టు ఎక్కడ తెరిచి ఉంటుంది మాస్టారూ? తెరిచినా కొవ్వొత్తులు, సెల్లులు ముందు అయిపోతాయి.

లైన్‌మేన్_రిటైర్డ్
తిత్లీ వచ్చిన మూడో రోజు కాశీబుగ్గలో కొట్టు తెరిచి ఉంది. నా చేత్తో కొన్నాను.

వెలుగు_పిచ్చోడు
ఒక్క కొట్టు. ఊరి నుంచి దారి ఉందా మరి? దారి నిండా చెట్లు కదా.

లైన్‌మేన్_రిటైర్డ్
నడిచి వెళ్ళాం. చెట్లు నరుక్కుంటూ మీరు వచ్చారా, మేం వెళ్ళామా?

గోదారి_గట్టు
ఆ కొట్టు పేరు కూడా చెప్పేయండి, ఇద్దరికీ శాంతి.

మానేరు_పోరడు
మా దిక్కు, తెలంగాణల, రాత్రి పొలం మోటరు ఎయ్యబోతే నెత్తికి కట్టుకునే లైటే వాడేటోళ్ళం. 2018 జనవరి నుంచి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చినంక రాత్రి తిరుగుడు తగ్గింది గానీ, అంతకుముందు స్టార్టరు డబ్బా కాడికి పోవాలంటే ఒక చేతిల కట్టె, ఒక చేయి డబ్బా మూత తీసేటందుకు. టార్చి ఎక్కడ పట్టుకోవాలె? అమ్మకు చేతికర్ర ఉందా లేదా అడుగున్రి ముందు.

విజయనగరం_టీచరు
రెండూ కాని దారి ఒకటుంది. రెండు పెన్ను సెల్లుల టార్చి కొనండి. రోజూ వాడకానికి చార్జింగ్ పెన్ను సెల్లులు, నికెల్ వాటిలోనే చార్జి నిలబడే రకం, ఏడాది పక్కన పెట్టినా చాలా వరకు ఉంటుంది. తుఫాను రోజులకి మామూలు ఆల్కలైన్ ప్యాకెట్ విప్పకుండా పక్కన ఉంచండి. పెన్ను సెల్లులు గోడ గడియారానికీ పనికొస్తాయి కాబట్టి ఏ పల్లెలోనైనా దొరుకుతాయి.

వెలుగు_పిచ్చోడు
@విజయనగరం_టీచరు గారూ, పెన్ను సెల్లులో ఉండేది మూడు వాట్ అవర్లే. రెండు వేసినా ఆరు.

లైన్‌మేన్ గారికి అసలు విషయం అర్థం కావట్లేదు. పెద్ద సెల్లుల మామూలు టార్చిలో వోల్టేజి తగ్గేకొద్దీ వెలుగూ తగ్గిపోతుంది. అంత నెమ్మదిగా తగ్గితే కంటికి తెలీదు. మంచి లిథియం టార్చిలో డ్రైవరు సర్క్యూట్ ఉంటుంది, సెల్లు దిగేదాకా వెలుగు ఇంచుమించు ఒకేలా ఇస్తుంది. డబ్బా మీద "20 గంటలు" అని ఉంటే పూర్తి వెలుగుతో ఇరవై అనుకోకండి. వెలుగు మొదటి దాంట్లో పదో వంతుకి పడేదాకా లెక్కపెట్టి ఆ అంకె వేస్తారు, పరీక్షల పద్ధతే అది.

లైన్‌మేన్_రిటైర్డ్
నువ్వే ఒప్పుకున్నావు. నాది చెప్పి చస్తుంది, నీది చెప్పకుండా చస్తుంది. వెలుగు మందగించిందంటే సెల్లులు మార్చాలని ముసలావిడకీ తెలుస్తుంది. నీ సర్క్యూట్ టార్చి మెట్ల మధ్యలో టక్కున ఆరిపోతే?

వెలుగు_పిచ్చోడు
ఆరే ముందు బటన్ ఎర్రగా మెరుస్తుంది. వెలుగు తగ్గించుకుంటుంది కూడా. మాన్యువల్లో ఉంటుంది.

లైన్‌మేన్_రిటైర్డ్
మాన్యువల్! చెప్తాను వినండి. మా అబ్బాయి ఆరు వేలు పెట్టి ఒక టార్చి పంపాడు. ఒకసారి నొక్కితే వెలుగుతుంది, రెండుసార్లు నొక్కితే కళ్ళు పోయేంత వెలుగు, మూడుసార్లకి టపటపా కొట్టుకుంటుంది, నాలుగుసార్లు నొక్కితే తాళం పడిపోతుంది. ఓ రాత్రి గాలివానకి కరెంటు పోతే మా ఆవిడ కంగారులో నాలుగుసార్లు నొక్కేసింది. ఇంక వెలగదు. నేను డ్యూటీలో ఉన్నాను. అబ్బాయికి ఫోన్ చేస్తే అక్కడ ఆఫీసు టైము, ఎత్తలేదు. పొద్దున్నదాకా చీకట్లో మంచం మీద కూర్చుంది. చార్జింగ్ తీగ కూడా ఫోను తీగలాగే ఉంది గానీ, కొత్త ఫోను చార్జరుకి పెడితే ఎక్కదట, పాత చార్జరే కావాలట.

వెలుగు_పిచ్చోడు
ఆ చార్జరు సంగతి మాత్రం నిజమే. రెండు వైపులా టైప్-సి పిన్ను ఉన్న తీగతో కొన్ని టార్చిలు చార్జి తీసుకోవు, లోపల చిన్న రెసిస్టర్లు పెట్టకుండా పీనాసితనం చేస్తారు. పాత వెడల్పు పిన్ను తీగ వాడాలి.

కానీ మీరు మీ అబ్బాయి మీద కోపం టార్చి మీద చూపిస్తున్నారు.

లైన్‌మేన్_రిటైర్డ్
మా అబ్బాయి ఊసు నీకెందుకు?

వెలుగు_పిచ్చోడు
మీరే తెచ్చారు. అయితే నాదీ వినండి. నేను ఇంటర్ చదివేటప్పుడు మా నాన్న రాత్రి చేలోకి వెళ్ళి రక్తపింజరిని తొక్కాడు. చేతిలో టార్చి ఉంది. రెండు పెద్ద సెల్లులదే, మీరు చెప్పేదే. బల్బు ఎర్రగా మినుకు మినుకుమంటోంది. సెల్లులు మార్చాలని వారం నుంచీ తెలుసు. "చెప్పి చస్తుంది" అన్నారే, వారం రోజులు చెప్పింది, ఈయన వినలేదు. రేపు కొందాం అనుకున్నాడు. బతికాడు గానీ కిడ్నీలు దెబ్బతిని నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. "అలవాటైంది, చాలు" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పెద్దవాళ్ళకి మంచి వెలుగు ఎందుకు వద్దు?

మానేరు_పోరడు
నాన్న ఇప్పుడు మంచిగున్నడా అన్నా?

వెలుగు_పిచ్చోడు
ఉన్నాడు తమ్ముడూ. నేనిచ్చిన టార్చి వాడతాడు. నెలకోసారి ఊరెళ్ళినప్పుడు నేనే చార్జి పెడతాను.

లైన్‌మేన్_రిటైర్డ్
చూశావా. నువ్వే పెడతావు. నెలకోసారి వెళ్తావు కాబట్టి నీ టార్చి మంచిది. పుణెలో ఉన్న కుర్రాడు నెలకోసారి వెళ్తాడా? నేను అడిగేది వెలుగు గురించి కాదు బాబూ. కొడుక్కి ఫోన్ చెయ్యకుండా ముసలావిడ తనంతట తాను బాగుచేసుకోగలిగే వస్తువు ఆమె దగ్గర ఉండాలంటాను.

వెలుగు_పిచ్చోడు
నేను అడిగేదీ వెలుగు గురించి కాదు. ఆవిడే బాగుచేసుకుంటుందిలే అని మనం వదిలేస్తే ఏమవుతుందో చూశాను కాబట్టి.

పలాస_జీడి
ఇప్పుడే అమ్మతో మాట్లాడాను. మొదట్లోనే చెయ్యాల్సింది.

ఇంట్లో రెండు పెద్ద సెల్లుల రేకు టార్చి ఉంది. తిత్లీ అప్పటి సెల్లులు అందులోనే ఉండిపోయి, ఉబ్బి, చీముకారి అతుక్కుపోయాయట. అటు నుంచి కర్రతో పొడిచినా రావట్లేదంది. నేను మొన్న పంపిన చార్జింగ్ లైటు డబ్బా విప్పలేదు, "పాడైపోద్దేమో అని దాచినాను" అంటోంది. రాత్రి దొడ్లోకి ఏం పట్టుకెళ్తున్నావు అంటే నొక్కుడు ఫోను లైటు. వారానికోసారి చార్జి పెడితే చాలట.

చేతికర్ర ఉంది. మానేరు_పోరడు అడిగింది నిజమే. ఫోను నోట్లో పట్టుకుని తలుపు గొళ్ళెం తీస్తోందట.

విజయనగరం_టీచరు
అయితే వెనక ఒకే బటన్ ఉన్నది, వేస్తే వెలగాలి, తీస్తే ఆరాలి, ఇంకేం చెయ్యకూడదు. దూరం కొట్టే సన్న వెలుగు కాదు, కాళ్ళ ముందు వెడల్పుగా పరుచుకునేది.

లైన్‌మేన్_రిటైర్డ్
ఆ రేకు టార్చిలో అంచుల దగ్గర కొంచెం వెనిగర్ పోసి రాత్రంతా ఉంచమనండి.

వెలుగు_పిచ్చోడు
వెనిగర్ ఆల్కలైన్ సెల్లు కారితేనే మాస్టారూ. పల్లెల్లో అమ్మేవి ఎక్కువగా జింకు కార్బన్, అది కారితే బేకింగ్ సోడా నీళ్ళు. ఏదైనా ఉబ్బి అతుక్కుంటే ఇంక పారెయ్యడమే.

లైన్‌మేన్_రిటైర్డ్
పారెయ్యడం మీకు తేలిక.

పలాస_జీడి
రెండు పెన్ను సెల్లులది, ఒకే బటన్‌ది ఆర్డర్ పెట్టాను. ఆల్కలైన్ ప్యాకెట్ ఒకటి, చార్జింగ్ సెల్లులు నాలుగు. దీపావళికి వెళ్ళినప్పుడు చార్జరు నేనే చూపిస్తాను. అమ్మ ఒకటే అడిగింది, "మెడలో ఏసుకోడానికి తాడు ఉంటాదా దానికి?" డబ్బా మీద తాడు ఉందని రాసి ఉంది, కానీ చేతికి వేసుకునేంత పొడుగే కనబడుతోంది ఫోటోలో. జోళ్ళ లేసు కట్టుకోమన్నాను.