విడిగా అమ్మే నొప్పి గోలీల గురించి బస్తీలో ఎలా చెప్పాలి?

బల్లార్షా తమ్ముడు:
మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. మా బస్తీలో మనోళ్లే ఎక్కువ, బొగ్గు గనుల్లోనో పేపర్ మిల్లులోనో పనిచేసి నడుం పట్టుకుని ఇంటికొస్తారు. ఈ మధ్య కాగితం పొట్లంలో కట్టిచ్చే విడి గోలీలు కొంటున్నారు, పేరు లేదు, స్ట్రిప్పు లేదు. పక్కింటి పిల్లగాడు అవే బీరుతో వేసుకుంటున్నాడని తెలిసినప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. బతుకమ్మకు ఆడవాళ్లంతా ఒకచోట చేరతారు కదా, అప్పుడు అమెరికాలో నకిలీ గోలీలతో చనిపోయిన పిల్లల వీడియోలు చూపిస్తే భయపడి మానేస్తారా?

పర్లాకిమిడి మందుల షాపు:
ఆ వీడియోలతో మొదలుపెట్టకు తమ్ముడూ, మనది కాదులే అనుకుంటారు. అక్కడ ఆక్సికోడోన్ అనే నొప్పి మందులా కనబడేట్టు నీలం బిళ్ల మీద ఎం30 అని గుద్ది, లోపల ఫెంటానిల్ అనే చాలా ఘాటైన మత్తుమందు కలుపుతారు. అలాంటి నకిలీ బిళ్లల్ని అక్కడి మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ 2023లో పరీక్షిస్తే పదింట్లో ఏడింటిలో ప్రాణం తీసేంత మోతాదు తేలింది, 2 మిల్లీగ్రాముల ఫెంటానిలే అంత పని చేస్తుంది. అమెరికాలో చదివే పిల్లలున్న ఇళ్లలో మాత్రం ఇది తప్పకుండా చెప్పు, ఫ్రెండ్ ఇచ్చిన నొప్పి బిళ్ల కూడా వేసుకోవద్దని.

మన దగ్గర సంగతి ట్రామడాల్, మత్తు కూడా ఇచ్చే నొప్పి మందు. 2018లో దాన్ని మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం ఎన్‌డీపీఎస్ కిందికి తెచ్చారు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మరి పొట్లంలో వచ్చిన బిళ్లలో ట్రామడాలే ఉందో, ఇంకేం కలిపారో, ఎంత కలిపారో అమ్మేవాడికే తెలియదు. ఒక స్ట్రిప్పు తీసుకెళ్లి చేతికిచ్చి చూపించు, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఎక్కడుంటాయో. రెండు బిళ్లలు కత్తిరించి ఇచ్చినా బిల్లు అడగమను, బ్యాచ్ నంబరు అందులో ఉంటుంది. అచ్చు ఉన్నంత మాత్రాన అసలుదని కాదు, స్ట్రిప్పులకూ నకిలీలున్నాయి, అందుకే తెలిసిన షాపులో బిల్లుతోనే కొనాలి.

సిరొంచ నర్సు:
అన్న చెప్పింది కొనేటప్పటి జాగ్రత్త. వేసుకున్నాక ఏమవుతుందో కూడా ఇంట్లోవాళ్లకు తెలియాలి. డోసు ఎక్కువైతే మనిషి గురక పెడుతుంటాడు, అలిసిపోయాడులే పడుకోనీ అని వదిలేస్తారు, ప్రాణాలు పోయేది అక్కడే. గట్టిగా కదిపినా లేవడు, ఊపిరి ఆగి ఆగి వస్తుంది, పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది. ట్రామడాలైతే ఫిట్స్ కూడా రావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఊపిరి ఆడుతుంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మజ్జిగ, నిమ్మరసం ఏదీ నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆసుపత్రిలో ఈ మత్తుకు విరుగుడైన నాలోక్సోన్ ఇంజక్షన్ ఇస్తే ఊపిరి మళ్లీ సరవుతుంది, కానీ దాని ప్రభావం తగ్గాక మళ్లీ మత్తులోకి జారొచ్చు కాబట్టి లేచాడు కదా అని ఇంటికి తీసుకెళ్లొద్దు. పొట్లం మిగిలితే వెంట తెండి, ఏం వేసుకున్నాడో దాచకండి. చికిత్స కోసం తానే ముందుకొచ్చే వాళ్లకు అన్న చెప్పిన ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ సెక్షన్ రక్షణ ఉంది, పోలీసు భయంతో ఇంట్లోనే ఉంచుకుంటే మనిషి దక్కడు.

రాయగడ అక్క:
బతుకమ్మ దాకా ఎందుకు తమ్ముడూ, అంతకన్నా ముందే వచ్చే గణపతి మండపం దగ్గర చెప్పు, ఆ గోలీలు కొనే మగవాళ్లు ఉండేది అక్కడే. పక్కింటి అబ్బాయి సంగతి మాత్రం నలుగురిలో ఎత్తకు. నువ్వే విడిగా కూర్చోబెట్టి మాట్లాడు, 14446కి ఫోన్ చేయించు, అది వ్యసన విముక్తి హెల్ప్‌లైన్, డబ్బులేం పడవు. రోజూ వేసుకునే అలవాటైపోతే ఒక్కసారిగా మాన్పించొద్దు, డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. ముందు బీరుతో కలపడం మాత్రం ఈ రోజే ఆపించు.