ప్లానెట్ జూ (కంప్యూటర్‌లో జూ కట్టే గేమ్)లో ఏ ప్యాక్ కొనాలి? ఆడినవాళ్ళు చెప్పండి

నల్లమల_నాని:
బేస్ గేమ్ (ప్యాక్‌లు కలపని అసలు గేమ్) ఏడాదిగా ఆడుతున్నా. సేల్ వచ్చింది, విడిగా కొనుక్కునే అదనపు ప్యాక్‌లలో రెండింటికే డబ్బులున్నాయి, లిస్టు చూస్తే తల తిరుగుతోంది. ఫ్రాంఛైజ్ మోడ్‌లో (ఆన్‌లైన్‌లో ఇతర ఆటగాళ్ళతో జంతువులు కొని అమ్ముకునే మోడ్) ఇండియా సెక్షన్ కడుతున్నా. బెంగాల్ టైగర్, ఏనుగు, ఖడ్గమృగం, నెమలి, ఘారియల్ అన్నీ బేస్ గేమ్‌లోవే పెట్టేశా, అయినా ఆ ఏరియా బోసిగానే ఉంది. మీరైతే ఏం కొంటారు?

విశాఖ_సాగర్:
అన్నా, ముందు ఇది తెలుసుకో, ప్యాక్‌లు రెండు రకాలు. మామూలు ప్యాక్ అంటే ఆస్ట్రేలియా, ఆఫ్రికా, అక్వాటిక్ లాంటివి, వాటిలో బయట తిరిగే జంతువులు నాలుగే, అద్దాల పెట్టెలో పెట్టేది ఒకటి, కానీ సీనరీ పీసులు (జూని అలంకరించే వస్తువులు) బోలెడు వస్తాయి, ఒక సినారియో (లక్ష్యాలు ఇచ్చి ఆడించే జూ) కూడా ఉంటుంది. పేరులో 'యానిమల్ ప్యాక్' అని ఉంటే సాధారణంగా మొత్తం ఎనిమిది జంతువులు, సీనరీ బాగా తక్కువ. నీకు కావలసింది జంతువులే కాబట్టి సౌత్ ఈస్ట్ ఏషియా యానిమల్ ప్యాక్ కళ్ళు మూసుకుని తీసుకో. 2021లో వచ్చింది, అందులో రేచుకుక్క ఉంది, ఢోల్ అని రాస్తారు. మా విశాఖ జూలో వీటికి బ్రీడింగ్ సెంటరే ఉంది, చిన్నప్పుడు మా నాన్న చూపించి ఇవి ఈల వేసినట్టు అరుస్తాయిరా అని చెప్పారు, అది ఇప్పటికీ గుర్తే. గేమ్‌లో ఆ ఎర్ర ఒళ్ళు, నల్ల తోక కుచ్చు చూసి చాలాసేపు అక్కడే కెమెరా ఆపేశా.

అడవి_అక్క:
సాగర్ చెప్పింది కరెక్టే గానీ సౌత్ ఈస్ట్ ఏషియాలో నాకు బాగా నచ్చింది క్లౌడెడ్ లెపర్డ్. ఎక్కడానికి ఎత్తుగా ప్లాట్‌ఫామ్‌లు కడితే పైకెక్కి కూర్చుంటుంది, బింటురాంగ్ కూడా అంతే. సన్ బేర్, టాపిర్, పెద్ద ముక్కు కోతి, బాబిరూసా, ఇన్ని జంతువులు ఒకే వాతావరణానికి సరిపోయేలా ఇంకే ప్యాక్‌లోనూ రాలేదని నా అభిప్రాయం. అద్దాల పెట్టెలో పెట్టే లీఫ్ ఇన్సెక్ట్‌తో (ఆకులా కనిపించే పురుగు) మాత్రం జాగ్రత్త నానీ, ఆడా మగా కలిపి వదిలేస్తే పిల్లలు పెరిగిపోయి ట్రేడ్ సెంటర్ (జంతువులు కొని అమ్మే చోటు) నిండిపోతుంది, నేను ఒక రాత్రంతా వాటిని అమ్ముకుంటూ కూర్చున్నా. కాంట్రాసెప్టివ్ పెట్టెయ్, లేదా ఒకే జెండర్‌వి ఉంచు.

డల్లాస్_వాసు:
నేను అక్వాటిక్‌కి ఓటేస్తా. 2020 డిసెంబర్‌లో వచ్చింది, లోతు నీళ్ళలో మునిగి ఈదడం దాంతోనే మొదలైంది. గ్రే సీల్, కింగ్ పెంగ్విన్, జెయింట్ ఆటర్, చిన్న కైమన్ మొసలి. నీటి అడుగున గాజు గోడ పెట్టి విజిటర్స్‌ని అక్కడ నిలబెడితే, మా పాప నా పక్కన కూర్చుని ఆటర్లు పోయేదాకా కదలదు. తనకి కోలా కావాలంది కాబట్టి ఆస్ట్రేలియా కూడా కొన్నా, కంగారూ, డింగో, కాసోవరీ కూడా ఉన్నాయి అందులో, కానీ కోలా రోజంతా నిద్రే, నిజం కోలా కూడా అంతే కదా.

నల్లమల_నాని:
వాసు గారూ, అక్వాటిక్ బాగుంది గానీ నా ఇండియా సెక్షన్‌కి పనికొచ్చేవి లేవు కదండీ. ఎలుగుబంటి ఏ ప్యాక్‌లోనైనా ఉందా? మన నల్ల ఎలుగు.

ఉద్దానం_రాజు:
ఉంది బాబూ! యురేషియా యానిమల్ ప్యాక్, 2023 డిసెంబర్. స్లాత్ బేర్ అని ఉంటుంది. మా శ్రీకాకుళం వైపు జీడితోటల్లోకి, పనస చెట్ల కిందకీ వచ్చేవి ఇవే, చీకటి పడ్డాక తోటకి వెళ్ళాలంటే భయం, మనుషులూ నష్టపోయారు ఎలుగులూ నష్టపోయాయి, అందుకే ఈ జంతువు నాకు వేరు. పొడుగు గోళ్ళు, ఛాతీ మీద తెల్ల గీత, వేలాడే కింది పెదవి, గేమ్‌లో బాగా చేశారు. ఇదే ప్యాక్‌లో సైగా, టాకిన్, వుల్వరీన్, అడవిపంది, హంస, తాబేలు, వైసెంట్ ఉన్నాయి. అడవిపంది మన అడవుల్లోదే, టాకిన్ అరుణాచల్ వైపు ఉంటుంది, అంటే నీకు మూడు పనికొస్తాయి.

అడవి_అక్క:
ఒక మాట. నిజం జూ లాగా కట్టాలంటే సీనరీ కూడా కావాలి, జంతువులు తెచ్చి ఖాళీ గడ్డిలో వదిలితే మనసు ఒప్పుకోదు. అయితే బేస్ గేమ్ రాళ్ళు, చెట్లే మెలితిప్పి పేర్చుకోవచ్చు, వర్క్‌షాప్‌లో వేరేవాళ్ళు కట్టినవి ఉచితంగా దించుకోవచ్చు. జంతువుని మాత్రం అలా చేసుకోలేం. నా ఓటు కూడా యురేషియాకే.

కరీంనగరోడు:
నేను యురేషియా, సౌత్ ఈస్ట్ ఏషియా రెండూ తీసుకున్న. ఆఫ్రికా ప్యాక్‌ల మీర్‌కాట్ ఉంటది, పిల్లలకు మస్తు నచ్చుతది, కానీ రెండే అంటే గీ రెండే తీస్కో. ఒక్కటి చూస్కో, రేచుకుక్కలు గుంపుగ ఉంటయి, ఒక్కదాన్నే పెడితే కష్టం.

నల్లమల_నాని:
రెండూ కొనేశా! రాత్రి రెండింటిదాకా కూర్చుని ఎలుగులకి చెదపుట్టలు కట్టా, మట్టి రంగు రాళ్ళు సన్నగా నిలబెట్టి కింద ఎండుగడ్డి పరిచా. రేచుకుక్కలు ఇంకా మార్కెట్‌లో దొరకలేదు, ఎవరి దగ్గరైనా ఉంటే, చుట్టరికం లేని జంట ఒకటి కన్జర్వేషన్ క్రెడిట్స్‌కి (గేమ్‌లో జంతువులు కొనే డబ్బు) పెట్టండి, కొంటాను.

విశాఖ_సాగర్:
నా దగ్గర నాలుగు పిల్లలున్నాయి, ఎల్లుండికి పెద్దవవుతాయి. ఒక మగ పిల్లని పెడతా, ఆడది వేరే వాళ్ళ దగ్గర చూసుకో, నావన్నీ అన్నచెల్లెళ్ళే.